నర్మదుని పేర వెలసిన విశ్వవిద్యాలయం

బొంబాయి నుండి అహమ్మదాబాదుకు పోయే రైలుదారిలో, సచిన్ దాటిన తరువాత, ఉధనాకు ముందు భేస్తాన్ అనే చిన్న స్టేషను ఉన్నది. ఒకప్పుడు ఇది సూరత్‌కు వెలుపలి పల్లె. నేడు నగరపాలక సంస్థ హద్దులలో చేరి, మరమగ్గాల షెడ్లకూ, అద్దకపు మిల్లులకూ, కార్మికుల వాడలకూ నడుమ నిలిచినది. ఉధనా, లింబాయత్ మొదలుకొని ఈ దక్షిణపు పేటల వరకు కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ ప్రాంతాల నుండి వలస వచ్చిన తెలుగు కుటుంబాలు అనేకం స్థిరపడి ఉన్నవి. వారిలో ఎక్కువమంది పద్మశాలీలు. చేతిమగ్గానికి కూడు కరవై ఊరు విడిచినవారు, మరమగ్గం నగరంలో పని చూచుకొన్నారు. అహమ్మదాబాదు నుండి చెన్నైకి పోయే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ వరంగల్లు మీదుగా పోవడంచేత పుట్టినూరికీ పొట్టకూటి ఊరికీ రాకపోకలు తెగిపోలేదు.

ఈ వాడలకు కొద్ది మైళ్ళ దూరంలో, ఉధనా నుండి మగదల్లాకు పోయే బాటపై, ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఉన్నది. దాని పేరు వీర నర్మద దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం. మగ్గపు షెడ్డు నుండి ఆ ఆవరణకు ప్రయాణం స్వల్పమే. కాని ఆ స్వల్పదూరం గడవడానికి కొన్ని కుటుంబాలకు రెండు తరాలు పట్టినది. కొన్నింటికి ఇంకను పట్టుతున్నది. అక్కడ చేరగోరే తెలుగు విద్యార్థికి ఆ సంస్థ స్వరూపమేమిటో, అందులో తనకు దొరికేదేమిటో, తాను దానికి ఈయగలిగినదేమిటో ముందుగా తెలియడం మంచిది. తెలుగు రచయితలకు కూడా ఈ విషయం పరాయిది కాదు. ఆ విద్యార్థి చేతిలో తెలుగు భాషకు సంబంధించిన ఒక సొత్తు ఉన్నది. అది నిలుస్తుందా, జారిపోతుందా అన్నది ఈ కాలంలోనే తేలవలసి ఉన్నది.

విశ్వవిద్యాలయమన్న మాటకు మన దేశంలో మొదటినుండి ఒకే అర్థం లేదు. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసులలో వెలసిన మూడు విశ్వవిద్యాలయాలూ లండన్ పద్ధతి ననుసరించి పరీక్షలు జరిపి పట్టాలిచ్చే సంస్థలుగానే ఆరంభమైనవి. పాఠం చెప్పడం కళాశాలల పని, పరీక్షించడం విశ్వవిద్యాలయం పని. 1904 నాటి చట్టం తరువాతనే అవి స్వయంగా బోధనకూ పరిశోధనకూ పూనుకొనే అవకాశం కలిగినది. దీనికి ఎంతో ముందే, 1810లో, బెర్లిను నగరంలో హంబోల్టు పూనికతో ఏర్పడిన విశ్వవిద్యాలయం వేరొక ఆదర్శాన్ని నిలిపినది. అక్కడ బోధించేవాడే పరిశోధించవలెను. విద్యార్థి ఉన్న విద్యను నేర్వడంతో ఆగక, లేని విద్యను వెదకడంలో గురువుకు తోడు కావలెను. నేడు పరిశోధక విశ్వవిద్యాలయమని చెప్పబడే సంస్థకు మూలం ఈ భావనయే.

సూరత్ విశ్వవిద్యాలయంలో ఈ రెండు సంప్రదాయాలూ కలిసి ఉన్నవి. పూర్వం ఈ ప్రాంతపు కళాశాలలు బొంబాయి విశ్వవిద్యాలయానికి, ఆ తరువాత అహమ్మదాబాదులోని గుజరాత్ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేవి. సూరత్‌లో 1918లో నెలకొన్న కళాశాల, తరువాత ఎం. టి. బి. కళాశాలగా ప్రసిద్ధి పొందినది, ఈ ప్రాంతపు ఉన్నతవిద్యకు చిరకాలం ఆటపట్టుగా ఉన్నది. 1965లో గుజరాత్ శాసనసభ చేసిన చట్టం ద్వారా దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం ఏర్పడినది. 1968లో విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘం గుర్తింపు లభించినది. 2004లో సూరత్‌లో పుట్టిన కవి నర్మదుని పేరు దానికి చేర్చినారు. 2023లో వచ్చిన గుజరాత్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల చట్టం ఈ సంస్థనూ మరికొన్ని రాష్ట్ర విశ్వవిద్యాలయాలనూ ఒకే శాసనం క్రిందికి తెచ్చినది.

కనుక విద్యార్థి మొదట గ్రహించవలసినది ఈ రెండంతస్తుల నిర్మాణం. పట్టభద్రతకు ముందు చదువు చాలావరకు అనుబంధ కళాశాలలలో జరుగుతుంది. అవి సముద్రతీరపు వల్సాడ్ నుండి డాంగ్ అడవుల వరకు విస్తరించి ఉన్నవి. వాటి పాఠ్యప్రణాళికనూ పరీక్షలనూ విశ్వవిద్యాలయం నిర్ణయిస్తుంది. స్నాతకోత్తర విద్య, పరిశోధన ప్రధానంగా సూరత్ ఆవరణలోని శాఖలలో సాగుతవి. అర్థశాస్త్రం, సమాజశాస్త్రం, ప్రభుత్వ పాలన, గ్రామీణాధ్యయనం, ఇంగ్లీషు, తులనాత్మక సాహిత్యం, రసాయనశాస్త్రం, జీవశాస్త్రం, జలజీవశాస్త్రం, గణకశాస్త్రం, వాణిజ్య నిర్వహణ, పత్రికారచన మొదలైన శాఖలు అందులో కలవు. గ్రామీణాధ్యయనం, జలజీవశాస్త్రం వంటివి చూడగానే ఈ విద్యాపీఠం తన నేలను గుర్తెరిగి నడచినదని తెలుస్తుంది. ఒక దిక్కున ఆదివాసుల కొండలు, వేరొక దిక్కున అరేబియా సముద్రం, నడుమ తపతీ నది ఉన్న భూమి ఇది.

ఇదే ఆవరణలో సామాజికాధ్యయన కేంద్రమనే స్వతంత్ర పరిశోధన సంస్థ కూడా ఉన్నది. ప్రసిద్ధ సమాజశాస్త్రజ్ఞుడు ఐ. పి. దేశాయి 1969లో దీనికి పునాది వేసినాడు. ఆదివాసుల జీవితం, భూమి సమస్య, వలస కూలీల స్థితి మొదలైన విషయాలపై ఈ కేంద్రం చేసిన కృషి గణనీయమైనది. ‘అర్థాత్’ అనే గుజరాతీ పత్రిక ద్వారా సమాజశాస్త్ర విషయాలను దేశభాషలో చర్చించడం దాని మరొక విశేషం. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు వ్యాపించినదన్న భయంతో లక్షలాది జనం నగరం వదలి పోయినారు. వారిలో వలస కార్మికులు అనేకులు. ఆ ఉపద్రవానికీ నగర పరిపాలనకూ గల సంబంధాన్ని ఘనశ్యామ్ షా పరిశీలించి గ్రంథం వ్రాసినాడు. డచ్చి పండితుడు యాన్ బ్రేమన్ దక్షిణ గుజరాతు కూలీల బ్రతుకులను దశాబ్దాల తరబడి పరిశీలించి పలు గ్రంథాలు వెలువరించినాడు. అనగా భేస్తాన్ వంటి వాడలలోని జీవితం పండితుల దృష్టికి రాకపోలేదు. వచ్చినది, కాని ఎక్కువగా పరిశీలింపబడే వస్తువుగా వచ్చినది. ఆ వాడల బిడ్డలే పరిశీలకులు కావడం ఇక జరుగవలసిన పని.

విశ్వవిద్యాలయం ధరించిన పేరు గురించి విద్యార్థి కొంత తెలిసికొనవలెను. నర్మదాశంకర లాల్‌శంకర దవే 1833 ఆగస్టు 24న సూరత్‌లో జన్మించినాడు. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ విద్యాసంస్థలో చదివినాడు. 1858లో ఉపాధ్యాయవృత్తి మాని కలమునే నమ్ముకొని బ్రతుకుతానని నిశ్చయించుకొన్నాడు. చరమదశలో అప్పులకు తాళలేక ఆ నియమం సడలించి ఉద్యోగం స్వీకరింపక తప్పలేదు. 1886 ఫిబ్రవరి 26న బొంబాయిలో కన్నుమూసినాడు. 1864లో ‘దాండియో’ అనే పత్రిక నెలకొల్పి మూఢాచారాలను ఎండగట్టినాడు. వితంతు వివాహాన్ని ప్రబోధించడమే కాక తానే ఒక వితంతువును వివాహమాడి బంధువర్గానికి దూరమైనాడు. 1866లో ‘మారీ హకీకత్’ అన్న ఆత్మకథ వ్రాసినాడు. అది పాఠకలోకం చేతికి అందినది 1933లో, ఆయన శతజయంతి సంవత్సరంలో.

తెలుగు పాఠకునికి ఈ జీవితరేఖలు చదవగానే కందుకూరి వీరేశలింగం పంతులు స్ఫురించక మానడు. పంతులుగారు నర్మదునికంటె 15 ఏండ్లు చిన్న. 1874లో ‘వివేకవర్ధని’ని స్థాపించినారు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించినారు. ఆయనయు స్వీయచరిత్ర వ్రాసినారు. గద్యానికి నడక నేర్పడం, పత్రికను కత్తిగా పట్టడం, ఇంటినుండియే సంస్కారం మొదలుపెట్టడం ఇద్దరిలోనూ సమానం. అయినను ఈ ఇద్దరినీ పక్కపక్కన నిలిపి, మూలభాషలలో చదివి, పోల్చగలవారు మనలో ఎందరు? గుజరాతీ గ్రంథాలు తెలుగులోకి, తెలుగు గ్రంథాలు గుజరాతీలోకి వచ్చినవి ఎక్కువభాగం హిందీ ద్వారానో ఇంగ్లీషు ద్వారానో వచ్చినవే. మధ్యవర్తి చేత పంపిన మాటలో మాధుర్యం కొంత దారిలోనే పోతుంది. భేస్తాన్‌లో పెరిగిన తెలుగు పిల్ల ఇంట తెలుగు, వీధిలో గుజరాతీ, హిందీ పసితనంనుండి వింటున్నది. ఇతర పండితులు పదేండ్లు శ్రమించి సంపాదించే సాధన ఆమెకు అప్రయత్నంగా లభించినది. తులనాత్మక సాహిత్యశాఖ ఉన్న విశ్వవిద్యాలయం ఆమె ఇంటికి చేరువలోనే ఉన్నది.

నర్మదుని కృషిలో పరిశోధక విద్యార్థికి ముఖ్యంగా ఆదర్శప్రాయమైనది ‘నర్మకోశం’. గుజరాతీ మాటలకు గుజరాతీలోనే అర్థం చెప్పే ఈ నిఘంటువును ఏండ్ల తరబడి ఒంటరిగా కూర్చి 1873లో పూర్తిగా ప్రకటించినాడు. 25,000కు మించిన పదాలు అందులో ఉన్నవి. విశ్వవిద్యాలయపు వేతనం లేదు, సహాయకుల బృందం లేదు. తన భాషలోని మాటలు చెదరిపోకూడదన్న పట్టుదల ఒక్కటే ఉన్నది. మన బహుజనపల్లి సీతారామాచార్యులవారి ‘శబ్దరత్నాకరము’ 1885లో వెలువడినది. అక్కడా ఇక్కడా ఒకే తరం ఒకే పనిలో నిమగ్నమై ఉన్నది.

పరిశోధన అనగా ఏమో గ్రంథాలయంలో ధూళి దులపడమని, పెద్దల చేతిలోని పని అని విద్యార్థులు బెదరడం కద్దు. ఒక చిన్న ఉదాహరణతో ఈ భయం తీరుతుంది. సిరిసిల్ల నేతగాండ్రు మరమగ్గాన్ని ‘సాంచా’ అంటారు. గుజరాతీలో యంత్రాన్ని ‘సంచో’ అంటారు. మరాఠీ, హిందీలలో ‘సాంచా’ వంటి మాట అచ్చు, మూస అన్న అర్థంలో వాడుకలో ఉన్నది. అయితే సిరిసిల్ల సాంచా ఎక్కడనుండి వచ్చినది? సూరత్ వెళ్ళి తిరిగి వచ్చిన కార్మికుడు తెచ్చినాడా? షోలాపురం, భివండీల మీదుగా వచ్చినదా? యంత్రం వచ్చిన బాటా, మాట వచ్చిన బాటా ఒకటేనా? ఈ ప్రశ్నకు సమాధానం పుస్తకంలో వెదకితే దొరకదు. నాలుగు ఊళ్ళలో ముసలి నేతగాండ్రను అడుగవలెను. మరమగ్గాలు ఏ ఊరికి ఏ సంవత్సరంలో వచ్చినవో తెలిసికొనవలెను. పాత లెక్కల పుస్తకాలు తిరుగవేయవలెను. దొరికిన ఆధారాలను తూచి, నిలువనివాటిని వదలి, నిలిచినంత మట్టుకే చెప్పవలెను. పరిశోధన అనగా ఇంతే. ఇంటిలో రోజూ వినే మాటనుండి అది పుట్టవచ్చును.

ఈ మార్గంలో తెలుగువారికి పూర్వులు లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశంలో మొదటి సంపుటం వ్యవసాయ పదాలతో 1962లో, రెండవది చేనేత పదాలతో 1971లో వెలువడినవి. ఈ కృషికి సారథి భద్రిరాజు కృష్ణమూర్తి. పడుగు, పేక, నాడె, కండె, అచ్చు, ఆసు వంటి మాటలు పండితుల నిఘంటువులలో అరకొరగా ఉండగా, వాటిని ప్రాంతాల వారీగా, వృత్తిదారుల నోట విని సేకరించడం ఆ కోశపు ఘనత. కాని చేతిమగ్గం మాట మరమగ్గం షెడ్డులో ప్రవేశించినప్పుడు ఏమైనది? పడుగు, పేకలు గుజరాతీ ‘తాణో, వాణో’లతో కలిసి బ్రతుకుతున్నవా? భీము, బాబిను అన్న ఇంగ్లీషు మాటలు వేటిని త్రోసివేసినవి? సూరత్ తెలుగు నేతగాని పలుకుబడిని సేకరిస్తే చేనేత సంపుటానికి అనుబంధం వంటి గ్రంథం తయారు కాగలదు. చేతిమగ్గం నేసిన తరం ఇప్పుడు వార్ధక్యంలో ఉన్నది. ఆ తరంతో పోయే మాటలను తరువాత ఏ శాఖా తిరిగి సంపాదించలేదు. ఈ పని వాయిదాకు నిలువదు.

ఇక విద్యార్థి ఎదుర్కొనే ఇబ్బందులు. మొదటిది భాష. సూరత్ నగర ప్రాథమిక విద్యాసమితి గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషులతోపాటు తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నడుపుతున్నది. ఒక గుజరాతు నగరం తెలుగు కార్మికుల బిడ్డలకు ఇట్టి సౌకర్యం కల్పించడం ప్రశంసనీయం. కాని తరగతి పెరిగిన కొద్దీ తెలుగుకు చోటు తరుగుతుంది. కళాశాలలలో కళలు, సమాజశాస్త్రాల బోధన అధికంగా గుజరాతీలోను, విజ్ఞానశాస్త్రాల బోధన ఇంగ్లీషులోను జరుగుతుంది. విశ్వవిద్యాలయపు భాషాశాఖలలో తెలుగు లేదు. కనుక అక్కడ చేరగోరేవారు పాఠశాల దశలోనే గుజరాతీ చదవడం, వ్రాయడం క్షుణ్ణంగా నేర్వవలెను. వీధిలో మాటలాడే గుజరాతీ పరీక్షపత్రానికి చాలదు. అదే సమయంలో తెలుగు లిపి చేజారనీయకూడదు. తెలుగులో స్నాతకోత్తర విద్య కోరేవారికి హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలోను, మద్రాసు, కాశీ విశ్వవిద్యాలయాలలోను శాఖలున్నవి. 1985లో ఏర్పడి నేడు సురవరం ప్రతాపరెడ్డి పేరు ధరించిన తెలుగు విశ్వవిద్యాలయం హైదరాబాదులో ఉన్నది.

రెండవ ఇబ్బంది ధ్రువపత్రాలది. వలస కుటుంబాలు సొంత రాష్ట్రంలో పొందిన కుల ధ్రువపత్రం మరొక రాష్ట్రపు రిజర్వేషన్లకు సాధారణంగా చెల్లదు. ఆంధ్రప్రదేశ్ నుండి బొంబాయి వెళ్ళి వైద్యవిద్య కోరిన ఒక విద్యార్థి వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1990లో ఈ సూత్రాన్నే స్థిరపరచినది. రెండు రాష్ట్రాల నడుమ పెరిగిన బిడ్డకు ఒక్కొక్కప్పుడు రెండుచోట్లా స్థానికత సందిగ్ధమవుతుంది. ప్రవేశాల వేళ తెలిసికొని నిరాశపడడంకంటె, నివాస ధ్రువపత్రం మొదలైనవాటి విషయం రెండు మూడేండ్ల ముందే విచారించుకోవడం వివేకం. గుజరాత్ ప్రభుత్వం రాష్ట్ర విశ్వవిద్యాలయాల ప్రవేశాలకు 2024 నుండి ఉమ్మడి దరఖాస్తు పద్ధతి నెలకొల్పినది. ఒక్కొక్క కళాశాల గుమ్మం ఎక్కి దిగే శ్రమ దీనివల్ల తగ్గినది.

పరిశోధనలో చేరదలచినవారు 2022 నాటి ధనసహాయ సంఘ నిబంధనలు తెలిసికొని ఉండవలెను. స్నాతకోత్తర పట్టంలో 55 శాతం మార్కులుండవలెను. వెనుకబడిన తరగతులు మొదలైనవారికి 5 శాతం సడలింపు కలదు. నాలుగేండ్ల పట్టభద్రులు 75 శాతం పొంది ఉంటే నేరుగా అర్హులవుతారు. పరిశోధన కాలం కనీసం 3 ఏండ్లు, సాధారణంగా గరిష్ఠం 6 ఏండ్లు. మొదట పరిశోధన పద్ధతులపై పాఠాలు పూర్తిచేసి, తరువాత పర్యవేక్షకుని క్రింద సిద్ధాంతవ్యాసం వ్రాయవలెను. ఆమోదం పొందిన వ్యాసాలను గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం ‘శోధ్‌గంగ’ అనే భాండారంలో ఎవరైనను చదువుకొనేటట్లు భద్రపరుస్తున్నది. చేరబోయే విద్యార్థి ముందుగా అక్కడి వ్యాసాలు నాలుగైదు చదివిచూస్తే, ఏ ప్రశ్నలు ఇప్పటికే అడుగబడినవో, ఏవి మిగిలి ఉన్నవో తెలుస్తుంది. పర్యవేక్షకుని ఎన్నిక కూడా ఆయన వ్రాసినవి చదివిన తరువాతనే చేయడం మేలు. పేరు విని చేరడంకంటె ఇది క్షేమకరం.

దేశభాషల మధ్య ఆదానప్రదానాల కోసం 1954లో కేంద్ర సాహిత్య అకాడమీ ఏర్పడినది. 1955లో అది మొదటిసారి పురస్కారాలిచ్చినప్పుడు తెలుగులో సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు, గుజరాతీలో మహదేవ్ దేశాయి దినచర్యకు ఆ గౌరవం దక్కినది. మహదేవ్ దేశాయి సూరత్ జిల్లాలోని సరస్ గ్రామంలో పుట్టినవాడు. ఒకటి రాజుల కథ విడిచి సామాన్యుల తిండి, బట్ట, ఆట, పాటలను చరిత్రగా చెప్పిన గ్రంథం. మరొకటి గాంధీమహాత్ముని దైనందిన జీవితాన్ని వెన్నంటి వ్రాసినది. నిత్యజీవితమే వ్రాతకు అర్హమైన వస్తువని ఆ రెండు గ్రంథాలూ చాటినవి. సూరత్ తెలుగు నేతగాని సాంఘిక చరిత్ర వ్రాయవలసినవారికి ఇంతకంటె బలమైన ఆధారం వేరే అక్కరలేదు.

ఈ పనిలో తెలుగు రచయితలకు భాగం ఉన్నది. సూరత్ తెలుగు పాఠశాలకు చదువదగిన పుస్తకాలు పంపడం, అక్కడి యువకుల వ్రాతలకు పత్రికలలో చోటివ్వడం, గుజరాతీ మూలం నుండి నేరుగా అనువదించ పూనుకొన్నవారి తప్పులు దిద్ది వెన్నుతట్టడం ఎవరికీ పెద్ద భారం కాదు. తొలి ప్రయత్నంలో తెలుగు తడబడితే దానిని వలస భాష అని త్రోసిపుచ్చకూడదు. ఆ తడబాటులోనే రెండు భాషల కలయిక వినవస్తుంది. వినగలవారికి అది పరిశోధనకు పనికివచ్చే సామగ్రి.

భేస్తాన్ వాడలో తండ్రి రాత్రి షిఫ్టు ముగించి వచ్చే వేళకు కూతురు కళాశాలకు బయలుదేరుతుంది. తండ్రికి తెలిసిన మాటలు ఆమెకు సగమే తెలుసు. ఆమె చదివే గ్రంథాలు ఆయనకు చదవడం రాదు. ఆ ఇద్దరూ కూర్చుండి మగ్గపు మాటలు ఒక్కొక్కటిగా కాగితంపై పెట్టిననాడు, నర్మదుని పేరు పెట్టుకొన్న విద్యాపీఠానికి ఆ పేరు మరింత తగినదవుతుంది.